క్లోనా, హీలింగా, ప్యాచా? పాత ఫొటో మీద ఏ బ్రష్ ఎక్కడ పనికొస్తుంది

మా పిన్ని బీరువాలో పట్టుచీరల కింద అమ్మమ్మ, తాతయ్యల ఫొటో ఒకటి దొరికింది. పెళ్లయిన కొత్తలో స్టూడియోకి వెళ్లి తీయించుకున్న బ్లాక్ అండ్ వైట్ ఫొటో. తాతయ్య కుర్చీలో కూర్చున్నాడు, అమ్మమ్మ పక్కన నిలబడింది, వెనక స్తంభాలూ మెట్లూ గీసిన స్టూడియో తెర. ఎవరో ఎప్పుడో దాన్ని మధ్యకి మడిచి పెట్టారు. ఆ మడత గీత తెర మీద మొదలై, అమ్మమ్మ జుట్టు మీదుగా, చెంప మీదుగా, కాసులపేరు మీదుగా చీర అంచు దాటి కుర్చీ చేతి దగ్గర ఆగింది. గీత పొడవునా పైపొర ఊడిపోయి తెల్లటి కాగితం కనిపిస్తోంది.

"దీన్ని బాగుచేయాలంటే ఏ సాఫ్ట్‌వేర్ మంచిదిరా?" అంది పిన్ని.

అందరూ మొదట అడిగేది ఇదే. నా లెక్కలో ఇది రెండో ప్రశ్న. ఫొటోషాప్ అయినా, గింప్ అయినా, ఫొటోపీ అయినా టచప్‌కి వాడే బ్రష్‌లు అవే నాలుగైదు. ఏది ఎక్కడ వాడాలో తెలిస్తే ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనే పని అయిపోతుంది. తెలియకపోతే నెలనెలా డబ్బు కట్టినా ముఖం మైనపుబొమ్మలా తయారవుతుంది. అందుకని బ్రష్‌ల సంగతి ముందు, సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత.

బ్రష్ ఎంచుకునేటప్పుడు మచ్చ ఎంత పెద్దదో, ఎంత నల్లగా ఉందో నేను పెద్దగా పట్టించుకోను. దాని చుట్టూ ఏముందో చూస్తాను. నాలుగు వైపులా ఒకే రకంగా ఉంటే ఒక బ్రష్, పక్కనే ఏదైనా అంచు పోతుంటే ఇంకో బ్రష్. పిన్ని ఇచ్చిన ఫొటోలో గీత ఒక్కటే అయినా అది దాటిన చోట్లు వేరు కాబట్టి నాలుగు టూల్స్ మార్చాల్సి వచ్చింది.

ముందు స్కాన్

దీని గురించి ఎక్కువ చెప్పను. పోస్టుకార్డు సైజు ఫొటో అయితే 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), బ్లాక్ అండ్ వైట్ అయినా సరే కలర్‌లోనే స్కాన్ చేయండి. కలర్ ఎందుకంటే, పాత ఫొటోల మీద పసుపుపచ్చ మరకలుంటాయి కదా, ఆ పసుపు నీలం కాంతిని పీల్చుకుంటుంది, ఎరుపుని వదిలేస్తుంది. కలర్ స్కాన్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేరువేరుగా ఉంటాయి, ఒక్కోదాన్ని ఛానల్ అంటారు. స్కాన్ తెరిచి బ్లూ ఛానల్ ఒక్కటే చూస్తే మరక నల్లగా కొడుతుంది. రెడ్ ఛానల్ చూస్తే చాలాసార్లు మరక ఉందా అనిపిస్తుంది. రెడ్ ఛానల్‌ని తీసుకుని దాన్నే బ్లాక్ అండ్ వైట్ ఫొటోగా పెట్టుకుంటే, బ్రష్ పట్టకుండానే సగం పని అయిపోయినట్టు. మరక ఉన్న ప్రతి ఫొటోకీ ముందు ఇది చూశాకే బ్రష్ జోలికి వెళ్తాను.

ఫొటో ఫ్రేము అద్దానికి అతుక్కుపోయి ఉంటే పీకొద్దు, ముఖం అద్దానికే ఉండిపోతుంది. అద్దం మీది కుంకుమ, గంధం బొట్లు తడిగుడ్డతో పైపైన తుడిచి, రెండు పక్కల నుంచీ ఏటవాలుగా లైటు పెట్టి, అద్దంలో కెమెరా కనపడకుండా నల్లగుడ్డ అడ్డం కట్టి ఫొటో తీసుకోండి.

గీత వెంబడి

మొదట తెర. ఇక్కడ గీత చుట్టూ ఉన్నది మసకగా గీసిన బూడిదరంగు తెర మాత్రమే. ఇలాంటి చోటికి స్పాట్ హీలింగ్ బ్రష్ సరిపోతుంది. మచ్చ కన్నా కాస్త పెద్ద సైజు పెట్టి ఒక్క నొక్కు నొక్కితే చాలు, చుట్టుపక్కల చూసి తనే నింపుకుంటుంది. ఎక్కడి నుంచి తీసుకోవాలో మనం చెప్పం, దాని ఇష్టం. పొడవాటి గీతని ఒకేసారి గీకేయకుండా చిన్న చిన్న ముక్కలుగా నొక్కుకుంటూ వెళ్లాలి. ఒకేసారి లాగితే మెట్ల బొమ్మని తెచ్చి స్తంభం మధ్యలో పెడుతుంది. తెర మీది గీత, దాంతో పాటు ఓ యాభై దుమ్ము చుక్కలు పది నిమిషాల్లో పోయాయి.

తర్వాత గీత తెర దాటి జుట్టులోకి వెళ్లింది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా పాడుచేసేది ఇక్కడే. హీలింగ్ జాతి బ్రష్‌లన్నీ చేసేది ఒకటే: ఒకచోటి నుంచి గరుకుని, అంటే పైపైన కనిపించే గింజలాంటి తీరుని తెచ్చి, రంగూ వెలుగూ మాత్రం అతికించే చోటి అంచుల నుంచి తీసుకుంటాయి. బ్రష్ వేసిన వలయానికి ఒక పక్క లేతరంగు తెర, ఇంకో పక్క నల్లటి జుట్టు ఉంటే, ఆ లేతరంగునీ నలుపునీ లోపలికి లాగి కలిపేస్తుంది. జుట్టు అంచు దగ్గర తడిచేత్తో తుడిచినట్టు మసి మరక పడుతుంది. ఎన్నిసార్లు అన్‌డూ చేసి మళ్లీ వేసినా అదే మరక.

అక్కడ క్లోన్ స్టాంప్ వాడాలి. క్లోన్‌కి తెలివితేటలేవీ లేవు. ఆల్ట్ నొక్కి ఎక్కడ క్లిక్ చేస్తే అక్కడిది ఉన్నదున్నట్టు తెచ్చి పెడుతుంది. తెలివి లేకపోవడమే ఇక్కడ దాని సుగుణం. జుట్టుకీ తెరకీ మధ్య అంచు గీతకి పైన రెండు మిల్లీమీటర్ల దూరంలో బాగానే ఉంది. సరిగ్గా ఆ అంచు మీదే ఆల్ట్ క్లిక్ చేసి, కింద విరిగిన అంచు మీద అదే కోణంలో దించాను. బ్రష్ హార్డ్‌నెస్ అరవై శాతం దగ్గర పెట్టాను. ఫొటోలో అంచు ఎంత పదునుగా ఉంటే బ్రష్ అంచూ అంతే పదునుగా ఉండాలి. మరీ మెత్తటి బ్రష్‌తో వేస్తే జుట్టు చుట్టూ పొగ కమ్మినట్టుంటుంది.

క్లోన్‌తో ఇంకో సంగతి. పాత ఫొటో మీద ఒపాసిటీ, అంటే బ్రష్ ఎంత దట్టంగా పడాలన్నది, తగ్గించి మెల్లమెల్లగా రుద్దితే సహజంగా వస్తుందని చాలామంది అంటారు. నా అనుభవంలో అది తిరగబడుతుంది. పాత ఫొటోకి గ్రెయిన్ ఉంటుంది, అదే పైన చెప్పిన గింజలాంటి గరుకు. సగం ఒపాసిటీతో వేస్తే కింది గ్రెయిన్, పైన వేసిన గ్రెయిన్ ఒకదాన్నొకటి చెరిపేసుకుని అక్కడ నున్నటి మచ్చ మిగులుతుంది. గ్రెయిన్ ఉన్న ఫొటోలో ఒపాసిటీ నూరు శాతం పెట్టి, మూలం, అంటే ఆల్ట్ క్లిక్ చేసే చోటు, మాత్రం మాటిమాటికీ మార్చుకోండి. మూలం మార్చకపోతే ఒకే చుక్క పక్కపక్కన రెండుసార్లు కనిపించి దొరికిపోతాం.

ఇక చెంప. అమ్మమ్మ చెంప మీద గీత దాదాపు నిలువుగా దిగింది. చుట్టూ చర్మమే, అంచులేవీ లేవు కాబట్టి మళ్లీ హీలింగే. కానీ స్పాట్ హీలింగ్ కాదు, మామూలు హీలింగ్ బ్రష్. తేడా ఏమిటంటే దీనికి మూలం మనం చూపించాలి. చెంప మీది గ్రెయిన్ వేరు, వెలుగు పడిన నుదుటి మీది గ్రెయిన్ వేరు, మెడ నీడలో గ్రెయిన్ వేరు. స్పాట్ హీలింగ్‌కి వదిలేస్తే మెడ మీది గరుకుని తెచ్చి చెంపకి అతికించినా అతికించొచ్చు. నేను అదే చెంప మీద, గీతకి వేలెడు దూరంలో ఆల్ట్ క్లిక్ చేసి, గీత వెడల్పుకి కొంచెం ఎక్కువ సైజులో చిన్న చిన్న నొక్కులతో దిగాను. కలపడం హీలింగే చూసుకుంటుంది కాబట్టి మరీ మెత్తటి బ్రష్ అక్కర్లేదు. మెత్తగా పెడితే అంచుల్లో గ్రెయిన్ కరిగిపోతుంది. గీత చెంప దాటి ముక్కు నీడ తగిలే చోట మాత్రం ముందు క్లోన్‌తో నీడ అంచు కట్టుకుని, తర్వాత రెండు పక్కలా హీలింగ్ వేశాను. అంచు క్లోన్‌తో, మైదానం హీలింగ్‌తో అని గుర్తుపెట్టుకుంటే సగం తిప్పలు తప్పుతాయి.

అన్నిటికన్నా నాకు నచ్చిన పని చీర అంచు. జరీ అంచులో మామిడిపిందెలు వరసగా ఉన్నాయి, గీత వాటిలో ఒకదాన్ని అడ్డంగా కోసేసింది. కాయ సగం పోయినా బాధ లేదు, ఎందుకంటే అదే కాయ పైనా కిందా ఇంకా పది ఉన్నాయి. క్లోన్ స్టాంప్‌లో అలైన్డ్ అనే గడి టిక్ చేసుకుని, పై పిందె తొడిమ మీద ఆల్ట్ క్లిక్ చేసి, చిరిగిన పిందె తొడిమ ఎక్కడ ఉండాలో సరిగ్గా అక్కడ మొదటి నొక్కు వేశాను. ఆ తర్వాత బ్రష్ ఎన్నిసార్లు ఎత్తి దించినా రెంటి మధ్య దూరం మారదు. పిందె మొత్తం తనంతట తాను వచ్చి కూర్చుంది. చీర మడత వల్ల అంచు కొంచెం వంగింది. అందుకు ఫొటోషాప్‌లో క్లోన్ సోర్స్ ప్యానెల్ తెరిచి మూలాన్ని నాలుగైదు డిగ్రీలు తిప్పుకోవాల్సి వచ్చింది. కాసులపేరుకీ ఇదే పద్ధతి. హీలింగ్‌తో ప్రయత్నిస్తే కాసులు కరిగి బెల్లప్పాకంలా సాగుతాయి.

చివర కుర్చీ దగ్గర కాగితం పొర పెద్ద పెచ్చుగానే ఊడింది. అంత చోటుని బ్రష్‌తో రుద్దే బదులు ప్యాచ్ టూల్ వాడాను. పాడైన చోటు చుట్టూ గీత గీసి, దాన్ని పట్టుకుని బాగున్న చోటికి లాగి వదలడమే. చేసేది హీలింగ్ పనే, కాకపోతే ఒకేసారి పెద్ద ముక్క. తెర, నేల, ఖాళీ గోడ, పంచె మీది తెల్లటి భాగం ఇలాంటి వాటికి ఇది హాయి. ముఖం మీద మాత్రం నేను ప్యాచ్ జోలికి పోను. అతికిన ముక్క నాలుగు వైపులా నున్నగా కలిసినా, మధ్యలో వేరేచోటి వెలుగు తెలిసిపోతుంది.

ముక్కుపుడక ఏదిరా?

అంతా అయ్యాక తెల్లచుక్కల మీద పడ్డాను. పాత ఫొటోకి బూజు పట్టి సూదిమొనంత తెల్లచుక్కలు వందల్లో ఉంటాయి. స్పాట్ హీలింగ్ తీసుకుని టకటకా నొక్కుకుంటూ పోయాను, మంచి ఊపులో ఉన్నాను. పిన్నికి పంపితే వెంటనే ఫోన్ చేసింది. "బాగుంది గానీ, అమ్మ ముక్కుపుడక ఏదిరా?"

బూజు చుక్క అనుకుని తుడిచేశాను. దాంతో పాటు తాతయ్య ఎడమ కంట్లో మెరిసే లైటు చుక్క కూడా పోయింది. అందుకే ఆ కన్ను నిద్రమత్తులో ఉన్నట్టు కనిపిస్తోంది. రెండూ వేరే లేయర్ మీద, అంటే ఫొటో పైన పరిచిన గాజుకాగితంలాంటి పొర మీద చేశాను కాబట్టి ఆ లేయర్‌లో రెండు చోట్ల ఇరేజర్ వేసి వెనక్కి తెచ్చుకున్నాను. అదే అసలు ఫొటో మీదే వేసుంటే మళ్లీ మొదటికొచ్చేది.

డస్ట్ అండ్ స్క్రాచెస్ అని ఒక ఫిల్టర్ ఉంది. ఫొటో మొత్తం మీద చుక్కలన్నీ ఒకే దెబ్బకి తీసేస్తుంది, కాబట్టి ముక్కుపుడకా, కంటిమెరుపూ, జరీ తళుకూ కూడా పోతాయి. అది వాడాలంటే మాస్క్ (ఎక్కడ పనిచేయాలో, ఎక్కడ వద్దో చెప్పే ముసుగు) పెట్టి తెరకీ నేలకీ మాత్రం రానిచ్చి, మనుషుల మీద చేత్తోనే చుక్క చుక్కా చూసుకోవడం మేలు. పాత స్టూడియోల్లో ప్రింటు మీది తెల్లచుక్కల్ని సన్నటి కుంచె, సిరాతో ఒక్కొక్కటే పూడ్చేవాళ్లు. అది చేత్తో చేసే పని కాబట్టి ముక్కుపుడకని పూడ్చే ప్రమాదం వాళ్లకి తక్కువ.

వెలిసిపోయిన ముఖానికి డాడ్జ్, బర్న్

ఇవి మచ్చలు తీసేవి కావు, వెలుగునీడలు దిద్దేవి. డాడ్జ్ తెల్లబరుస్తుంది, బర్న్ ముదురు చేస్తుంది. రెండు పేర్లూ చీకటిగదిలో ప్రింటు వేసే రోజుల నుంచి వచ్చినవే. కాంతికి చెయ్యి అడ్డుపెడితే డాడ్జ్, ఒకచోటికే ఎక్కువసేపు కాంతి తగలనిస్తే బర్న్.

ఈ టూల్స్‌ని నేరుగా ఫొటో మీద వాడటం కన్నా ఇంకో దారి నాకు నచ్చుతుంది. పైన కొత్త లేయర్ వేసి యాభై శాతం బూడిదరంగుతో నింపి, బ్లెండ్ మోడ్ సాఫ్ట్ లైట్ పెట్టాలి. ఆ బూడిదరంగు కంటికి కనిపించదు. దాని మీద తెల్ల బ్రష్ వేస్తే కింది ఫొటో వెలుగుతుంది, నల్ల బ్రష్ వేస్తే ముదురుతుంది. ఫ్లో, అంటే ఒక్క రుద్దుకి ఎంత రంగు పడాలన్నది, మూడు నుంచి ఐదు శాతం మించనివ్వొద్దు. పది సార్లు రుద్దితే గానీ తేడా తెలియకూడదు. ఎక్కువైందనిపిస్తే అదే బూడిదరంగు మళ్లీ పూసేస్తే సరి. తాతయ్య పంచె మడతలు వెలిసి కలిసిపోయి ఉంటే ఇలాగే లేపాను. నేరుగా డాడ్జ్ టూల్ వాడి తీరాలనుకుంటే ఎక్స్‌పోజర్ యాభై దగ్గర ఉంటుంది, దాన్ని ఐదుకి దించి మొదలుపెట్టండి.

పెళ్లి ఆల్బమ్ అయితే కథ వేరు

పాత ఫొటోలో పోయింది తెచ్చుకోవాలి. కొత్త పెళ్లి ఫొటోలో ఉన్నది ఎంత ఉంచాలన్నదే పేచీ. మొటిమకి స్పాట్ హీలింగ్, ఒక్క నొక్కు. అందులో చర్చ లేదు. కానీ తెలుగు పెళ్లి ఫొటోలో పెళ్లికూతురి బుగ్గ మీద చుక్క ఉంటుంది, పెళ్లికొడుక్కీ ఉంటుంది. మన పద్ధతులు తెలియనివాళ్లు టచప్ చేస్తే దాన్ని మచ్చ అనుకుంటారు. సాఫ్ట్‌వేర్‌లో ఆటోమేటిక్ స్కిన్ క్లీనప్ లాంటిది నొక్కినా అదే జరుగుతుంది. పుట్టుమచ్చల సంగతీ అంతే. వాళ్లు అడిగితే తప్ప ముట్టుకోకండి, ఆ అమ్మాయి వాళ్లమ్మ గుర్తుపట్టేది దాంతోనే.

తలంబ్రాల ఫొటోల్లో గాల్లో బియ్యపుగింజలు ముఖానికి అడ్డంగా వస్తాయి. అన్నీ తీసేస్తే అది తలంబ్రాల ఫొటోనే కాదు. కనుపాప మీద, పెదవి మీద పడ్డ ఒకటి రెండు గింజలు క్లోన్‌తో తీసి మిగతావి వదిలేస్తాను. కంటి అంచు దగ్గర హీలింగ్ వేస్తే ఏమవుతుందో పైన జుట్టు దగ్గర చెప్పాను కదా, అదే.

చర్మం నునుపు చేయడానికి ఫ్రీక్వెన్సీ సెపరేషన్ అని ఒకటి బాగా ప్రచారంలో ఉంది. ఫొటోని రెండు లేయర్లుగా విడదీస్తారు: ఒకదాంట్లో రంగూ వెలుగూ, ఇంకోదాంట్లో చర్మపు గరుకు. గరుకు లేయర్‌లో క్లోన్‌తో మొటిమలు తీయొచ్చు, రంగు లేయర్‌లో మరకలు కలపొచ్చు, రెండూ ఒకదాని జోలికి ఒకటి పోవు. పద్ధతి మంచిదే. చిక్కల్లా రంగు లేయర్‌ని బాగా బ్లర్ చేయాలన్న దురద. అలా చేస్తే చర్మపు రంధ్రాలు ఉంటాయి గానీ ముఖానికి ఎత్తుపల్లాలు పోతాయి, సినిమా హాలు బయట కటౌట్ చూసినట్టుంటుంది. గంటసేపు ఓపిక ఉంటే పైన చెప్పిన డాడ్జ్, బర్న్ లేయర్‌తో చేసిందే నాకు ముఖంలా కనిపిస్తుంది. మూడు వందల ఫొటోలు రాత్రికి రాత్రి ఇవ్వాలంటే మాత్రం అది కుదిరే పని కాదు, ఒప్పుకుంటాను. అప్పుడు ముఖ్యమైన పది ఫొటోలకి చేత్తో చేసి, మిగతావాటికి మొటిమలు మాత్రం తీసి ఊరుకోండి.

ఇక ముఖం తెల్లగా చేయమని అడిగేవాళ్లు. చామనఛాయ అమ్మాయిని పాలరాతి బొమ్మని చేస్తే, పక్కనే ఆమె సొంత చేతులు మెహందీతో అసలు రంగులో ఉంటాయి. ఆ రెంటినీ ఒకే ఫొటోలో చూస్తే ఎవరికైనా ఇబ్బందిగా ఉంటుంది. నేను చేయనని చెప్పేస్తాను, వెలుగు తక్కువైతే ఫొటో మొత్తానికి పెంచి ఇస్తాను.

ఏఐ రిమూవ్ గురించి

2023 నుంచి ఫొటోషాప్‌లో రిమూవ్ టూల్, జెనరేటివ్ ఫిల్ వచ్చాయి. మండపం వెనక ప్లాస్టిక్ కుర్చీలు, పూలదండల మధ్యలో వేలాడే వైర్లు, వాటర్ క్యాన్ తీయాలంటే ఇవి నిజంగా గొప్ప. గంట పని నిమిషంలో అవుతుంది. క్లోన్‌తో మల్లెపూల దండ వెనక కుర్చీ తీసినవాళ్లకి ఈ హాయి తెలుస్తుంది.

పాత ఫొటోలో ముఖాల మీద మాత్రం వద్దు. హీలింగ్ బ్రష్ అదే ఫొటోలో ఉన్నదాన్ని పక్కకి జరుపుతుంది. జెనరేటివ్ ఫిల్ లేనిదాన్ని ఊహించి గీస్తుంది. కన్ను సగం చిరిగితే చక్కటి కన్ను ఒకటి పెడుతుంది, కాకపోతే అది అమ్మమ్మ కన్ను కాదు. ముందు ఎవరికీ తెలియదు, నెల తర్వాత ఎవరో "ఇది మన అమ్మమ్మేనా, ఏదో తేడాగా ఉంది" అంటారు. నేనైతే రెండో కన్ను బాగుంటే దాన్ని కాపీ చేసి, అద్దంలోలా తిప్పి, మాస్క్‌తో కావలసినంతే వాడతాను. అప్పుడూ కంటిమెరుపు వైపు సరిచూసుకోవాలి, తిప్పితే అదీ తిరుగుతుంది. రెండు కళ్లూ పోతే చిరుగు చిరుగులాగే ఉండనివ్వండి.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్

ఫొటోషాప్: హీలింగ్ బ్రష్, ప్యాచ్ 2002లో 7.0తో వచ్చాయి. స్పాట్ హీలింగ్ 2005లో సీఎస్2తో. మన ఊళ్ల స్టూడియోల్లో కొన్నిచోట్ల ఇప్పటికీ 7.0 నడుస్తోందని నవ్వుతారు గానీ, పైన నేను చెప్పిన చెంప, జుట్టు పనులు దాంతోనూ అవుతాయి. కొత్త వెర్షన్‌లో అసలు సుఖం ఖాళీ లేయర్ మీద పని చేయడం. కొత్త లేయర్ తెరిచి, పైన శాంపిల్ దగ్గర కరెంట్ అండ్ బిలో ఎంచుకుంటే క్లోన్, హీలింగ్ రెండూ ఆ ఖాళీ లేయర్ మీదే పడతాయి, అసలు ఫొటోకి గీత కూడా అంటదు. రోజూ ఇదే పనిగా బతికేవాళ్లు దీనికి చందా కట్టడంలో నష్టం లేదు. ఒక్క ఫొటో కోసం మాత్రం వద్దు.

ఫొటోపీ: బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, ఇన్‌స్టాల్ గొడవ లేదు. చూడటానికి ఫొటోషాప్‌లా ఉంటుంది, షార్ట్‌కట్లూ అవే, పీఎస్‌డీ ఫైలు (ఫొటోషాప్ లేయర్లతో దాచే ఫైలు) తెరుస్తుంది. బ్రౌజర్‌లో కదా, మన ఫొటో ఎక్కడికో పోతుందేమో అని భయపడతారు. ఫైలు మన కంప్యూటర్‌లోనే ఉండి పని జరుగుతుంది. పక్కన యాడ్స్ వస్తాయి. పెద్ద స్కాన్ తెరిస్తే పాత ల్యాప్‌టాప్ ఆయాసపడుతుంది. ఇంట్లో ఒకటి రెండు ఫొటోలు బాగుచేసుకోవాలనుకునేవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే. పిన్ని వాళ్లబ్బాయికీ ఇదే చెప్పాను.

గింప్: పూర్తిగా ఉచితం, నెట్ అక్కర్లేదు, పాత కంప్యూటర్‌లోనూ నడుస్తుంది. హీల్ టూల్ 2007 నుంచీ ఉంది, పనితనం బాగుంటుంది. ఫొటోషాప్ నుంచి వచ్చినవాళ్లకి చెయ్యి తడబడుతుంది, ఎందుకంటే మూలం చూపించడానికి ఇక్కడ ఆల్ట్ కాదు, కంట్రోల్ నొక్కాలి. హీల్ వేసేముందు ఖాళీ లేయర్ కాకుండా ఫొటో లేయర్‌కే నకలు తీసుకుని దాని మీద వేయండి. క్లోన్ అయితే శాంపిల్ మెర్జ్‌డ్ పెట్టుకుని ఖాళీ లేయర్ మీద వేసుకోవచ్చు. 2025 మార్చిలో వచ్చిన 3.0లో ఫిల్టర్లు వేశాక కూడా వెనక్కి వెళ్లి మార్చుకునే వీలు వచ్చింది. గింప్‌కి ఉన్న పెద్ద లోటు అదే, ఇప్పుడు చాలావరకు తీరింది.

అఫినిటీ: ఒకసారి కొనుక్కుంటే చాలన్న పేరుండేది, 2025 చివర్లో కాన్వా దాన్ని ఉచితం చేసింది, అకౌంట్ తెరవాలి. హీలింగ్, ప్యాచ్, ఇన్‌పెయింటింగ్ బ్రష్ అన్నీ ఉన్నాయి. ఫొటోషాప్ స్థాయి కావాలి, చందా వద్దు అంటే ఇది చూడండి.

లైట్‌రూమ్ వేరే అవసరానికి. కెమెరా సెన్సర్ మీద దుమ్ము పడితే ప్రతి ఫొటోలోనూ ఒకేచోట బూడిదరంగు మచ్చ వస్తుంది, ముఖ్యంగా ఎఫ్16 లాంటి చిన్న అపర్చర్‌లో ఆకాశం తీసినప్పుడు. ఒక ఫొటోలో హీల్ వేసి మిగతా రెండు వందలకీ సింక్ చేస్తే అన్నిట్లోనూ పోతుంది. ఈ పని ఫొటోషాప్‌లో ఒక్కొక్కటీ తెరిచి చేయడం శిక్ష. చీర అంచు లాంటి పనికి మళ్లీ లైట్‌రూమ్ చాలదు.

ఫోన్‌లో స్నాప్‌సీడ్: హీలింగ్ ఉంది, మూలం మనం చూపించలేం. మొటిమకీ, గోడ మీది మేకుకీ సరిపోతుంది. వేలు పెద్దది, మచ్చ చిన్నది, అందుకని బాగా జూమ్ చేసి నొక్కండి. పాత ఫొటోలకి ఫోన్ వద్దనే అంటాను.

మౌస్‌తో అవుతుందా, పెన్ టాబ్లెట్ కొనాలా అని కూడా అడుగుతుంటారు. క్లోన్, హీలింగ్ నొక్కుడు పనులు, మౌస్‌తో హాయిగా అవుతాయి. డాడ్జ్, బర్న్ రుద్దుడు పని. పెన్ను ఒత్తిడిని బట్టి మందం మారుతుంది కాబట్టి దానికి టాబ్లెట్ ఉంటే చెయ్యి నొప్పి తగ్గుతుంది, చిన్న సైజుదైనా చాలు. కొన్నాక రెండు వారాలు విసుగొస్తుంది, ఓర్చుకోవాలి. అన్నట్టు, ఫొటోషాప్‌లో బ్రష్ వలయం మాయమైపోయి ప్లస్ గుర్తులాంటిది కనిపిస్తే సాఫ్ట్‌వేర్ పాడైందని కంగారుపడకండి, క్యాప్స్ లాక్ పడి ఉంటుంది.

ఎక్కడ ఆపాలన్నది కూడా తేల్చుకోవాలి. మూడు వందల శాతం జూమ్‌లో చూస్తుంటే మచ్చలు తరగవు. ఎంత సైజులో ప్రింటు వేయిస్తారో స్క్రీన్ మీద అంత సైజుకి తగ్గించి, కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుని చూడండి. అప్పుడు కంటికి తగలని మచ్చతో మీకు పని లేదు.

ఇదంతా మన వల్ల కాదనుకుని స్టూడియోలో ఇస్తున్నారా, అయితే ఫొటో ఇచ్చేటప్పుడే నోటిమాటగా కాకుండా ఒక కాగితం మీద రాసివ్వండి: పుట్టుమచ్చ ఎక్కడుంది, ముక్కుపుడక ఏ పక్క, బొట్టు ఏ ఆకారం, చేయి మీద పచ్చబొట్టు ఉంటే అదీ. స్కాన్ చేసిన ఫైలు, లేయర్లతో ఉన్న పీఎస్‌డీ రెండూ పెన్‌డ్రైవ్‌లో వేయించుకోండి. మా పిన్ని ఆ ఫొటోని పన్నెండు ఇంటూ పద్దెనిమిదిలో వేయించి హాల్లో పెట్టింది. మడత ఉన్న అసలుది మళ్లీ చీరల కిందే పెట్టబోతుంటే ఆపి, ఒక అట్ట కవరులో వేసి ఇచ్చాను.